మోచేతి దగ్గర స్పాంజి

2004లో వనిత పుంగనూరు బస్టాండు వెనక మిషను కుట్టేది. ఒకరోజు మదనపల్లెనుంచి గంగులయ్య పన్నెండు బండి కోట్లు, గుప్పెడు లేబుళ్లు తెచ్చాడు. మోటారుసైకిలు తోలేవాళ్లకు బట్టలమ్మే కొట్టు ఆయనది.

“మెడ దగ్గర ఒక్కోదానికి ఒక లేబులు కుట్టమ్మా. పడినా దెబ్బ తగలదని యూరపోళ్లు పరీక్ష చేసి ఇచ్చిన గుర్తు.”

పరీక్ష అక్కడ జరిగితే గుర్తు ఇక్కడ కుట్టడమేమిటి? పోయిన వారం అలాంటివే మూడు కోట్లకు నోరెత్తకుండా కుట్టిచ్చింది. ఈసారి మనసొప్పలేదు.

“పరీక్ష యాడ చేసినారప్పా? కాయితం ఉండాదా?”

“నీకు యాల ఆ గొడవ? అంజికొకటి తీసుకో, ఊరికే.”

ఆ ‘ఊరికే’తో అనుమానం ముదిరింది. ఆమె భర్త అంజి మందుల కంపెనీ పనిమీద రోజూ బండిమీద కుప్పం పోయొస్తాడు.

గంగులయ్య వెళ్లగానే ఒక కోటు మోచేతి దగ్గర అస్తరు విప్పింది. లోపల చెప్పులకు వేసే పల్చటి స్పాంజి. అంజి ఇంటికి రాగానే దానికింద మట్టి ప్రమిద పెట్టి, జానెడెత్తునుంచి రోకలి వదిలింది. ప్రమిద ముక్కలైంది.

“సూడు. ఇది నీ మోచెయ్యి అనుకో.”

అంజి ప్రమిద ముక్కలు ఏరాడు. “నువ్వు కుట్టకపోతే ఇంకొకరు కుడతారు.”

“కుట్టుకోనీ. నేను కుట్టిన మూడూ ఎవరేసుకోని తిరుగుతాండారో!”

మర్నాడు ఇద్దరూ మదనపల్లె వెళ్లి కోట్లు తిరిగిచ్చేశారు. ముందటి మూడూ ఎవరు కొన్నారంటే గంగులయ్య కసురుకున్నాడు. కొట్లో పనిచేసే కమలాక్షి మాత్రం గుమ్మందాకా వచ్చి, “మూడూ శాంతిపురం మహేషే తీసకపోయినాడు, తమ్ముళ్లకూ కలిపి” అని గుసగుసగా చెప్పింది.

మహేష్ గ్రానైటు పనికి బండిమీదే బెంగళూరు పోయొస్తుంటాడు. ఇద్దరూ శాంతిపురం వెళ్లి కోట్ల సంగతి చెప్పగానే అతను అనుమానంగా చూశాడు.

“ఏం, ఆయనకు పోటీగా మీరూ కోట్లు అమ్ముతాండారా?”

“ఒక్క కుట్టు విప్పనీ అప్పా. నాది అబద్ధమైతే మళ్లా నేనే కుట్టిస్తా.”

స్పాంజి బయటికొచ్చింది. మహేష్ దాన్ని రెండు వేళ్ల మధ్య నొక్కాడు. వేలికి వేలు తగిలింది.

“దీన్ని నమ్మే గదా నేను వానలో అంత స్పీడుగా పోయింది!” అని, ఉన్నట్టుండి వనిత వైపు తిరిగాడు. “ఈ లేబులు కుట్టిందెవరు?”

అంజి ఏదో చెప్పబోయాడు.

“నేనే” అంది వనిత.

మహేష్ ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత లోపలికెళ్లి, తమ్ముళ్ల కోట్లు తెచ్చి ఆమె ముందు పడేశాడు. వనిత కత్తెర తీసి, మూడు లేబుళ్లూ విప్పేదాకా తలెత్తలేదు.