పరగడుపులో నా వాటా

నేను ఒక ఇత్తడి కాఫీ ఫిల్టరును. రెండంతస్తుల దాన్ని. పై అంతస్తులో పొడి, కింది అంతస్తులో డికాక్షను, మధ్యలో చిల్లులు. మనుషులు ఒంటికి ఎక్కడ చిల్లు పడినా గోల పెడతారు. నాకు మాత్రం అవి పూడుకుపోతేనే జబ్బు.

పుట్టింది అజ్జరంలో. నాతోపాటు పుట్టిన ఇత్తడంతా గంటలై గుళ్ళకి వెళ్ళి రోజూ దెబ్బలు తింటోంది. నేను తణుకులో ఒక ప్లీడరు గారింట్లో చేరి దర్జాగా బతికాను. ఆయనకి గ్యాస్ పట్టుకుంది, కాఫీ మానేశారు. నన్ను చూస్తే నోరూరుతోందని వాళ్ళావిడ నన్ను తీసుకెళ్ళి నిడదవోలులో చెల్లెలికి ఇచ్చేసింది. చేసిన తప్పేమిటో ఇప్పటికీ తెలియదు.

ఆ చెల్లెలే మా రత్నమాణిక్యం. ఊళ్ళో ఆడవాళ్ళ కోలాటం బృందానికి గురువు. పాట ఎత్తుకునేది తనే, కోపు మార్చేది తనే. కోపంటే అడుగుల వరస. అది మారే క్షణంలో గురువు ఒక్క అర అడుగు అటూ ఇటూ అయితే ఇరవైమంది ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు కర్రలతో కొట్టుకోవాల్సిందే. కర్రలు పెట్టే గుడ్డసంచి ఎవరి భుజాన ఉంటే వాళ్ళే గురువు. ఆ సంచి నా పక్కన మేకుకే వేలాడేది, అందుకని నాకూ కాస్త పొగరుండేది.

అలాంటి మనిషి ఉన్నట్టుండి నీరసపడింది. మెట్టెక్కితే ఆయాసం. దువ్వెన నిండా జుట్టు. ఒకరోజు చెంచా పెట్టి నా మూత తెరవబోయి, ఎందుకు తెరుస్తోందో మరిచిపోయి నావైపు చూస్తూ నిలబడింది. నాకు సిగ్గేసింది.

రక్తపరీక్ష చేయించారు. రిపోర్టు తెచ్చి పొయ్యి గట్టు మీద పరిచారు. ఆవిడ భర్త సూర్యచంద్రరావు రైల్వేలో టిక్కెట్లిచ్చి రిటైరైన మనిషి, ఏ కాగితాన్నయినా రైళ్ళ టైమ్‌టేబుల్ చదివినట్టే చదువుతాడు.

"టీఎస్‌హెచ్ ఎక్కువుంది. అంటే నీకు థైరాయిడ్ ఎక్కువైపోయింది మాణిక్యం. మరి తగ్గించాలిగానీ, ఇంకా మాత్రెందుకు వెయ్యడం?"

"అది థైరాయిడ్ కాదంటండి, కేకంట," అంది రత్నమాణిక్యం. డాక్టరమ్మ చెప్పింది ఆవిడ మనసుకి పట్టింది. గొంతులో ఉన్న గ్రంథిని లేచి పనిచెయ్యమని తల్లోంచి వేసే కేక పేరు టీఎస్‌హెచ్. గ్రంథి చురుగ్గా ఉంటే ఒక్క పిలుపు చాలు. పడుకుందంటే కేకలు పెరుగుతాయి. "మీ అమ్మగారు హాల్లోంచి నన్ను పిలిచేవారు చూడండి, అలాగన్నమాట."

అత్తగారి మాట రాగానే సూర్యచంద్రరావుకి వైద్యం మొత్తం అర్థమైపోయింది.

కింద ఇంకా ఉన్నాయి. యాంటీ టీపీవో వందల్లో ఉంది. అంటే ఒంటికి కాపలా కాయాల్సిన సైన్యమే సొంత గ్రంథిని దొంగనుకుని బాదుతోందట. ఆ జబ్బు పేరు హషిమోటో. జపాను పేరు కదా, ఇంటికొచ్చిన చుట్టం అన్నట్టు సూర్యచంద్రరావు రోజూ "హషిమోటో గారు లేచారా?" అని అడిగేవాడు. ఒంట్లో ఇనుము నిలవ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ అడుగంటింది. విటమిన్ డి లేదు. బీ12 నార్మల్లోనే ఉందిగానీ, లోపలికి రాకుండా అంచున, గుమ్మం దగ్గరే కూర్చుంది. మాత్రలు వచ్చాయి: థైరాయిడ్‌ది, ఇనుముది, కాల్షియంది.

థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలన్నారు. ఇక్కడే మా కథ అడ్డం తిరిగింది. మా ఇంట్లో పరగడుపంటే ఇడ్లీకి ముందు. కాఫీని ఎవరూ తిండిలో లెక్కెయ్యరు. శనివారం కటిక ఉపవాసమన్న రోజున నా చేత రెండుసార్లు డికాక్షను దింపిస్తారు. అందుకని రత్నమాణిక్యం పొద్దున్నే మూడు మాత్రలూ నోట్లో వేసుకుని, నా కాఫీతో గటగటా మింగేసేది. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. వైద్యంలో నాదీ ఒక చెయ్యి అనుకున్నాను.

మళ్ళీ పరీక్ష. కేక ఇంకా పెరిగింది. ఇనుము ఎక్కడిదక్కడే. "పరగడుపునేనా?" అని డాక్టరమ్మ అడిగింది. "పరగడుపునేనండి," అని ఈవిడ నిజాయితీగా చెప్పింది. డోసు పెంచారు. మళ్ళీ పరీక్ష, మళ్ళీ అదే ప్రశ్న, అదే జవాబు, ఇంకో డోసు. ఈలోగా రాములవారి కల్యాణంలో కోపు మార్చడం మరిచిపోయి సగం బృందాన్ని ఒకవైపు, సగాన్ని ఇంకోవైపు నడిపించింది. ఇంటికొచ్చి వంటింట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చింది. సంచి బృందంలోని భాగ్యవతికి ఇచ్చేస్తానని కబురు పెట్టింది.

భాగ్యవతి ఎన్నాళ్ళ నుంచో ఆ సంచి మీద కన్నేసిన మనిషి. మర్నాడు పొద్దున్నే దిగింది. మేకు మీది సంచి తీసి భుజానికి తగిలించుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది. రత్నమాణిక్యం కళ్ళు దించుకుని, ఆమెకో గ్లాసు కాఫీ ఇచ్చి, తన గ్లాసు అందుకుని మాత్రలు నోట్లో వేసుకుంది.

భాగ్యవతి తాగుతున్నదల్లా ఆగింది. "వదినా, అందులో తెల్లది థైరాయిడ్ బిళ్ళ కాదూ? నేనూ అదే ఏసుకుంటాను. పరగడుపునేసుకోమన్లేదా నీకు?"

"పరగడుపునేగా ఏసుకుంటన్నాను."

"మరి కాఫీ?"

"కాఫీ పరగడుపులోకి రాదా?"

భాగ్యవతి సంచి పట్టుకుని నిలబడింది. గుమ్మం రెండడుగుల దూరంలో ఉంది. నోరు మూసుకుని నడిచి వెళ్ళిపోతే గురుపీఠం తనది. నేను చుక్క రాల్చడం కూడా మానేసి చూశాను. ఆమె సంచి నేల మీద పెట్టేసి, పీట లాక్కుని కూర్చుంది.

"నాకూ అలాగే జరిగింది వదినా. మాత్రని మంచినీళ్ళతో ఏసుకుని గంటసేపు ఇంకేం ముట్టుకోకూడదు. కాఫీ పడితే ఒంటికి పట్టదు. ఇనుమూ కాల్షియమూ దాంతో కలిపి మింగితే అవీ దారికి అడ్డం. నాలుగ్గంటలు ఎడం ఉండాలి. ఆ ఇనుముక్కూడా కాఫీ పడదు."

"అయితే ఇన్నాళ్ళూ నేను మింగిందంతా?"

"ఈ ఫిల్టరు తాగేసింది."

ఇద్దరూ నావైపు చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. భాగ్యవతి పీట మీంచి జారిపోయింది, అయినా నవ్వు ఆపలేదు. సూర్యచంద్రరావు కంగారుగా పరిగెత్తుకొచ్చి, సంగతి విని, తనూ గోడకానుకుని నవ్వాడు. ఇంతమంది నా మీద నవ్వుతుంటే నాకు కోపం రావాలి. రాలేదు. రత్నమాణిక్యం అలా నవ్వి చాలా కాలమైంది.

"సంచి నా దగ్గరుంటాది," అంది భాగ్యవతి వెళ్తూ. "నీ కేకలు తగ్గేదాకా. అరువు మాత్రమే."

డాక్టరమ్మ కూడా విని తలపట్టుకుని నవ్విందట. నెలన్నర పోయాక చేసిన పరీక్షలో టీఎస్‌హెచ్ దిగింది. ఎంతగా అంటే, పెంచుకుంటూ పోయిన డోసు ఎక్కువై తగ్గించాల్సొచ్చింది. ఫెరిటిన్ మెల్లగా కదిలింది. యాంటీ టీపీవో మాత్రం వందల్లోనే ఉంది. దాన్ని చూసి బెంగ పడొద్దని డాక్టరమ్మ చెప్పింది. హషిమోటో గారు ఇక ఇంట్లోవాడే, మర్యాదగా ఉంటే చాలని సూర్యచంద్రరావు తీర్మానించాడు. ఆ సాయంత్రమే భాగ్యవతి వచ్చి సంచిని మేకుకి తగిలించింది. ఒక్క క్షణం దాని మీద చెయ్యి ఉంచి, తీసేసింది.

ఇప్పుడు పొద్దున్నే నా వంతు రెండోది. ముందు మాత్ర, మంచినీళ్ళు, తర్వాత గంట నిరీక్షణ. మొదట్లో అవమానంగా ఉండేది. కానీ ఆ గంట ఊరికే కూర్చోలేక రత్నమాణిక్యం సంచిలోంచి రెండు కర్రలు తీస్తుంది. వంటింట్లో కొత్త కోపులు కడుతుంది. తాళానికి మనిషి కావాలి కదా. నేను పై అంతస్తులోంచి చుక్క వదులుతాను, ఆమె అడుగు వేస్తుంది. ఇంకో చుక్క, ఇంకో అడుగు.