బట్టీ మీద ఆరిన బెల్టు

తడిసిన చెత్త మండనని మొండికేసింది. చెత్త కాల్చే బట్టీలో బర్నరు రెండుసార్లు తుమ్మి ఆరిపోయింది. బూడిదక్క కొంగును ముక్కుకు బిగించుకుని మళ్లీ మీట నొక్కబోతుండగా సూపర్‌వైజరు వచ్చి ఒక గోనెసంచిని ఆమె కాళ్ల దగ్గర పడేశాడు.

"ముందు ఇది వెయ్యి. అంతా బూడిదయ్యేదాకా మూత తియ్యకు."

"ఏముంది సార్ ఇందులో?"

"రక్తం అంటుకున్న బట్టలు. రోగాలొస్తాయి. నీకెందుకు ప్రశ్నలు?"

ఎవరి రక్తమో అడగక్కర్లేదు. ఆ పొద్దున్నే, కొండ అంచున కడుతున్న కరెంటు టవరు మీది నుంచి ఈలాయన పడిపోయాడు. పనిలో ఎప్పుడూ ఈల వేస్తాడని ఆ పేరు. శవాన్ని రోడ్డు దాకా మోయించి, జీపులో కిందికి పంపేశారు. వంటషెడ్డులో అంట్లు తోమే అతని భార్యను మాత్రం చోటు లేదని ఎక్కనివ్వలేదు. మధ్యాహ్నం జట్టు మామూలుగానే అదే టవరు ఎక్కాలని మాత్రం అప్పుడే చెప్పేశారు.

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా పైన ఉంది ఆ క్యాంపు. చెత్తను పూడిస్తే ఎలుగుబంట్లు తవ్విపోస్తున్నాయి. కిందికి మోయిస్తే ఖర్చు. అందుకని కంపెనీ చక్రాల మీద లాక్కొచ్చే ఇనుప బట్టీ ఒకటి తెచ్చిపెట్టింది. ఎంగిలి, కుళ్లు, పుండ్లు తుడిచిన గుడ్డలు అన్నీ అందులోకే. ఆ పనికి మగవాడెవడూ ముందుకు రాలేదు. మొగుడు పోయి, దిక్కులేక వచ్చిన మనిషి కాబట్టి ఆమె ఒప్పుకుంది. నాటి నుంచి ఆమె పేరు బూడిదక్క, ఆమె కంచం వంటషెడ్డు చూరు కిందే. గడప దాటబోతే ఆడవాళ్లే చీపురు తీసేవాళ్లు. ఆమె ముంచుకున్నాక నీళ్ల డ్రమ్ము దగ్గరికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

వానలు పట్టాక మాత్రం అందరికీ ఆమె గుర్తొచ్చింది. టవరు మీంచి పడకుండా నడుముకు కట్టుకునే బెల్టు ఇద్దరికి ఒకటే ఇచ్చారు. కొత్త బెల్టు ఖరీదు ఒక మనిషి రెండు రోజుల కూలి. కంపెనీ దాన్ని కూడా మిగుల్చుకుంది. ఒక జట్టు విప్పిన తడి బెల్టునే రెండో జట్టు కట్టుకోవాలి. తడి పట్టీ ఒరుసుకుంటే నడుము చర్మం ఊడొచ్చేది. అందుకని వేడి బట్టీ పొట్ట మీద ఆరేసేవాళ్లు. ఆ కాసేపే ఆమెతో ఎవరైనా మాట్లాడేది.

"అక్కా, నీ బట్టీ పక్కనుంటే అమ్మ ఒళ్లో ఉన్నట్టుందే," అనేవాడు ఈలాయన.

ఆ ఒక్క మాట కోసం ఆమె అతని బెల్టును అన్నిటికన్నా వెచ్చటి చోట వేసేది. ఆరిన పట్టీ నున్నగా మెరుస్తూ బిర్రుగా అయ్యేది. గట్టిపడింది, మంచిదేలే అనుకునేది.

ఇప్పుడు సంచి మూతి విప్పింది. చొక్కా, ఒక బూటు, వాటి కింద బెల్టు. కొక్కెం పెట్టినది పెట్టినట్టే ఉంది. పక్కన పట్టీ తెగిపోయింది. తెగిన అంచు దగ్గర అదే నునుపు, అదే మెరుపు. బొటనవేలితో వంచింది. ఎండుపుల్లలా టక్కుమంది. ఆమె చూపు తన బట్టీ పొట్ట మీదికి పోయింది.

"ఇంకా వెయ్యలేదా?" వెనక నుంచి సూపర్‌వైజరు.

"బెల్టు కట్టుకునే ఎక్కాడు సార్. కొక్కెం చూడండి."

"కట్టుకోలేదు. తాగి ఎక్కాడు. పైవాళ్లకి అలాగే చెప్పాం."

"అట్లా అయితే అతని పెళ్లాం, ఆ పిల్లకి పైసా పరిహారం రాదు కదా సార్!"

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఆ పట్టీ ఎక్కడ మాడిందో నాకు తెలీదనుకున్నావా? నోరు విప్పమంటావా? ఇవాళ నీ గ్లాసు ముట్టుకోరు, అంతే. రేపు నిన్నే లోయలోకి తోస్తారు. నీ మంచికే చెప్తున్నా. వెయ్యి."

అతని మాటలో అబద్ధం లేదు. తోసినా తోస్తారు. ఆమె బర్నరు మీట నొక్కింది. ఈసారి మంట ఒక్కసారిగా అందుకుంది. మూత తీసి బెల్టును దాని మీదికి చాచింది. అమ్మ ఒళ్లో ఉన్నట్టుందే అన్న ఆ గొంతు గుర్తొచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకుని మీట కిందికి దించింది.

"కాల్చను."

"ఏంటీ?"

"కాల్చనన్నానుగా. మీరే కాల్చుకోండి, మిగతావి."

బెల్టు చేతపట్టుకుని వంటషెడ్డు గడప మొదటిసారి దాటింది. "ఏయ్, ఎక్కడికే లోపలికి!" అని ఎవరో అరిచారు. అన్నాలు తింటున్న మధ్యాహ్నం జట్టువాళ్లు తలలెత్తారు. ఆమె నేరుగా వెళ్లి, గోడకు చేరగిలబడ్డ ఈలాయన భార్య ఒళ్లో బెల్టు పెట్టింది.

"చెల్లీ, మీ ఆయన తాగలేదు. బెల్టు కట్టుకునే ఎక్కాడు. అదే తెగింది. నా బట్టీ మీద ఆరీ ఆరీ మాడి తెగింది. ఇద్దరికొకటి ఇచ్చి, ఆరేదాకా కూడా ఆగనిచ్చారు కాదు వీళ్లు. నేనూ వద్దనలేదు."

చెంప ఛెళ్లుమంది. రెండో దెబ్బకు బూడిదక్క మోకాళ్ల మీద పడింది. ఆమె జుట్టు ఆ పిల్ల పిడికిట్లోకి పోయింది. "నా మొగుణ్ణి కాల్చుకు తిన్నావు కదే!"

"ఈడ్చెయ్యండి దాన్ని బయటికి! అడుగుపెట్టిన చోటల్లా దరిద్రమే," అంది ఒక ముసలామె.

గుమ్మంలో సూపర్‌వైజరు నిలబడ్డాడు. "విన్నారుగా, దాని నోటితోనే ఒప్పుకుంది. ఆ బెల్టు ఇలా ఇచ్చెయ్యమ్మా. రక్తపు సరుకు, రోగం అంటుకుంటుంది."

ఆ పిల్ల అతని చెయ్యి వైపు చూసింది. "మా ఆయన రక్తం నాకు రోగమా?" అని, బెల్టును గుండెకు లాక్కుంది. "ఇవ్వను."

పని సైరను మోగింది. జట్టులోని మీసాలాయన లేచి, భుజాన ఉన్న తన బెల్టు తీసుకున్నాడు. కట్టుకోబోయి ఆగాడు. పట్టీని రెండు వేళ్ల మధ్య వంచాడు. టక్కుమన్న చప్పుడు షెడ్డంతా వినిపించింది.

 ఒక్కొక్కరూ కంచాలు పక్కకు నెట్టి, తమ తమ బెల్టులు తడుముకోసాగారు.

"ఏంట్రా, చెవుడా? కదలండి!" అన్నాడు సూపర్‌వైజరు.

సైరను మళ్లీ మోగింది. ఎవరూ గుమ్మం వైపు అడుగు వెయ్యలేదు. ఆ పిల్ల బూడిదక్క జుట్టు వదల్లేదు. బెల్టూ వదల్లేదు.