ఉల్లి వేరులో రెండు చుక్కలు

వైదేహి మేడానికి, అంటే నాకు, కోపం ముక్కు మీదే ఉంటుందని ఎమ్మిగనూరులో మా కాలేజీ పిల్లలంతా అంటారు. నిజమే, కాదనను. ఆ శనివారం లావణ్య బాటనీ రికార్డు చూడగానే ఎర్ర పెన్ను తీశాను. ఉల్లి వేరు కణం రెండుగా విడిపోయే బొమ్మలో, క్రోమోజోముల్ని లాగే దారాల రెండు కొసల దగ్గరా చుక్కలు పెట్టింది.

"సెంట్రోసోములు జంతువుల కణాల్లో ఉంటాయమ్మా. చెరో కొసన నిలబడితే దారాలు వాటి నుంచి సాగుతాయి. ఉల్లికి అవి లేవు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"కొసలు పట్టుకునేవాళ్ళు ల్యాకుండా దారం యాడ నిలుస్తాది మేడం?" అంది తల ఎత్తకుండా.

నేతగాళ్ళ పిల్ల. వీధి పొడుగునా పడుగు దారాలు సాగదీసి, ఒక కొస నాన్న, ఒక కొస అమ్మ పట్టుకుంటుంటే చూస్తూ పెరిగింది.

"మా నాయన పోయినంక ఒక కొస ఖాళీ. అమ్మ ఒక్కతే ఏం సేస్తాది? సోమవారం నుంచి నేను రాను మేడం. కాలేజీ సాలిస్తాండా."

ఎర్ర పెన్నుకి మూత పెట్టేశాను. బల్ల మీద ఉల్లి వేరు స్లైడు పెట్టి ఉన్న మైక్రోస్కోపులో కన్ను పెట్టాను. అంతా గులాబీ రంగు మసక. అందులో ఒక కణం మధ్య క్రోమోజోములు విడిపోతున్నాయి, కనపడని దారాలేవో అటూ ఇటూ లాగుతున్నట్టే. చూస్తూ చూస్తూ ఉంటే అది వాళ్ళ వీధి అయిపోయింది, నేను అందులో నడుస్తున్నాను. కొసల్లో ఎవరూ లేరు. అయినా పడుగు నేలను తాకలేదు.

"ఇటు రా, చూడు. దీనికి కొసన ఎవరూ లేరు, పని ఆగిందా? చుట్టుపక్కల ఎక్కడెక్కడో దారాలు పుట్టి, ఒకదాన్నొకటి పట్టుకుని, కొసలు అవే కుదుర్చుకుంటాయి."

చాలాసేపు చూసింది. రికార్డు తీసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం రాలేదు. నాకు మనసు నిలవలేదు. మంగళవారం తెల్లవారగానే వాళ్ళ వీధికి పోయాను. మంచులో పొడుగాటి తెల్లటి పడుగు. ఒక కొసన వాళ్ళమ్మ. రెండో కొసన పక్కింటి భీమక్క, ఎదురింటాయన బజారి. లావణ్య కాలేజీ యూనిఫాంలో, తెగిన పోగులు అతుకుతోంది.

"నిన్నంతా ఇంటింటికీ పోయి అడిగినా మేడం. వంతులేసుకున్నారు. ఇన్నాళ్ళూ అడగాలని తోచనే ల్యా."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. భీమక్క ఎగాదిగా చూసి, "ఊరికే నిలబడినావేం మేడం? బజారి పనికి పోవాల. వచ్చి పట్టుకో" అంది.

పట్టుకున్నాను. లావణ్య రికార్డు తెచ్చి నా ముందు తెరిచింది. రెండు చుక్కలూ చెరిపేసి ఉన్నాయి. పడుగు వదలకుండా, ఎడమచేత్తో వంకరటింకరగా సంతకం పెట్టాను.