జానెడు పైకి లేచే చాప

ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో మూడో తరగతికి మొదటి గంట పుస్తకాలు చదవడానికే. అనురాధ టీచర్ పిల్లల్ని ఐదుగురేసి గుంపులు చేసి, ఒక్కో గుంపును వంతుల వారీగా ఈతచాప మీద తన చుట్టూ కూర్చోబెట్టుకుంటుంది. అందరి చేతుల్లోనూ అదే పుస్తకం, గుసగుసగా ఎవరికి వాళ్ళే చదవాలి. ఆమె ఒక్కొక్కరి దగ్గరా చెవిపెట్టి వింటుంది. ఐదుగురూ నిజంగా చదివితే చాప జానెడెత్తు పైకి లేస్తుంది. అప్పుడు కింద ఊడ్చుకోవచ్చని బడి ఆయా మైసమ్మ చీపురు పట్టుకుని గుమ్మంలోనే కాచుకుని ఉంటుంది.

లిఖిత గుంపు వంతు వస్తే మాత్రం, దసరా సెలవులు దాటినా చాప నేల వదల్లేదు. తప్పంతా లిఖితదే. ఒకసారి వింటే చాలు, పాఠమంతా పొల్లుపోకుండా అప్పజెప్పేస్తుంది. నోరు మూడో వరుసలో ఉంటే వేలు ఇంకా మొదటి వరుసలోనే ఉంటుంది. ఇంట్లో వాళ్ళు మురిసిపోయారు గానీ చాప మురిసిపోలేదు.

ఈ సంగతి తల్లి యశోద చెవిన పడింది. ఆమెకు కొంగరకలాన్ ఫ్యాక్టరీలో పని దొరికింది, ఇంట్లోనేమో ఏడాది పిల్లాడు. చదువు ఎలాగూ రాని పిల్ల తమ్ముణ్ణి చూసుకుంటుందిలే, సోమవారం నుంచి బడి బంద్ అని తేల్చేసింది. లిఖిత ఆ పూట అన్నం ముట్టలేదు.

శనివారం టీచర్ లిఖిత గుంపుకు ఎవరూ చూడని కొత్త పుస్తకాలు పంచింది. ముందు బొమ్మలు చూపించి కథేమై ఉంటుందో అడిగింది. ఆ తర్వాత టీచర్ లిఖిత పక్కన చేరి, బొమ్మను అరచేత్తో మూసింది. లిఖిత ఆ కథ ఒక్కసారీ వినలేదు. అప్పజెప్పడానికి లోపల ఏమీ లేదు.

"నాకు రాదు టీచర్."

"నెమ్మదిగ రానీ బిడ్డా. నీ వేలు యాడుంటే నోరు గూడ ఆడనే ఉండాలె, గంతే."

సరిగ్గా అప్పుడే పిల్లాణ్ణి చంకనేసుకుని యశోద వచ్చింది. టీచర్‌తో ఒక మాట చెప్పి బిడ్డను తీసుకుపోదామని, చెప్పులు విడిచి చాప మీద అడుగు పెట్టింది. లిఖిత తలెత్తలేదు.

"మేక... గోడ... దిగింది. కాదు. మేక గోడ దూకింది."

చాప మూల కాస్త కదిలింది. ఆ వెంటనే అందరినీ ఎత్తుకుని లేచింది. మైసమ్మ కిందికి చీపురు దూర్చింది.

యశోద బడి ముఖం చూసిన మనిషి కాదు. కాళ్ళ కింద నేల లేకపోయేసరికి కూలబడింది. పేజీ అయ్యేదాకా చాప దిగదు కాబట్టి వినక తప్పలేదు. మేక మిరపచేన్లో పడింది, కుక్క తరిమితే దారి తప్పింది. పేజీ అయిపోయింది, చాప దిగింది.

"ఆపినవేందే? మేక ఇల్లు చేరిందా లేదా?" అంది యశోద.

మిగిలింది సోమవారం చదువుతారని టీచర్ చెప్పింది.

"మాపటి షిఫ్టు అడుగుత," అంది యశోద లిఖితతో. "మాపటికి మీ నాయిన ఇంట్లనే ఉంటడు గద, పిల్లగాన్ని ఆయన చూస్కుంటడు. సోమారం నువ్వు చదివొచ్చి నాకు చెప్పాలె."

లిఖిత అవ్ అని తలూపింది. సోమవారం దాకా ఆగలేక పేజీ తిప్పేసింది.