నాలుక మీద నీలం

అచ్చుకూటంలో లెక్కతాత బొటనవేలు నాలుక మీద తడుపుకుని ఆట ముక్కలు లెక్కపెడుతూ మొహం చిట్లించాడు. ఒకటే చేదు. ఉమ్మితే నీలంగా పడింది.

పిల్లలాడుకునే పేక అది, జంతువుల బొమ్మలు జత కలిపే ఆట. పెద్ద యజమాని మొదటిసారి అచ్చువేసినప్పుడు ముక్కలు వెనక గుడ్డ అంటించి, దళసరిగా, పలకల్లా ఉండేవి. ఆయన కొడుకు హయాంలో గుడ్డ పోయి మైనం పూత వచ్చింది. ఇప్పుడు మనవడి అచ్చులో పూతా లేదు, సిరా ఆరనూ లేదు. ఏనుగు చెవి రంగు సింహం మూతికి అంటుకుంది. ఆ సిరా కంపుకి ఈగ కూడా వాలడం లేదు. పెట్టె మాత్రం తళతళా మెరుస్తోంది.

ఏ అచ్చయినా తాత వేలి కిందనుంచే బజారుకి వెళ్లింది. ఆ వేలు నున్నగా అరిగిపోయింది. వేలిముద్ర వెయ్యమంటే సిరా మరక తప్ప ఏమీ పడదు. తడివేలికి రంగంటితే ఆ కట్ట పక్కన పెట్టెయ్యడం పెద్దాయన పెట్టిన పద్ధతి. ఇవాళ పక్కన పెట్టని కట్టంటూ లేదు.

"ఏంటి తాతా, గోడ కడుతున్నావా?" అన్నాడు ఆ మనవడు, చిన్న యజమాని, పక్కన పెట్టిన గుట్ట చూసి.

"రంగు ఊడుతోంది బాబూ. ఇదిగో, చూడు." నాలుక చాపాడు తాత.

"ఛీ, లోపల పెట్టు! ముక్కలు ఆడుకోడానికా, నాకడానికా?"

"పసివాళ్లకి ఆ తేడా ఏం తెలుసు? ఏది దొరికితే అది నోట్లోకే. ఎవరి బిడ్డకైనా ఏదైనా అయితే?"

"ఎప్పుడూ చెడే తోస్తుంది నీకు. చాదస్తం! సాయంత్రానికి బండొస్తుంది, సర్దెయ్."

కొత్త అచ్చు తొలి పెట్టె యజమాని ఇంటికెళ్లడం అక్కడి ఆనవాయితీ. తాత ఒక పెట్టె తీసి చాపాడు.

"మీ పాపకి పళ్లొస్తున్నాయటగా. పట్టుకెళ్లు బాబూ."

చిన్న యజమాని చెయ్యి ముందుకొచ్చి ఆగింది. మెల్లగా జేబులోకి దూరింది.

"తర్వాత చూద్దాంలే."

సిరా చేదుకంటే ఆ మాటే తాతకి ఎక్కువ రోత పుట్టించింది. కుళాయి దగ్గరికెళ్లి తన గాజుగ్లాసుతో నీళ్లు పట్టుకుని పుక్కిలించాడు. ఎన్నిసార్లు పుక్కిలించినా నీలమే. చెప్పులు వేసుకున్నాడు.

"అన్నం తినకుండా ఎక్కడికి తాతా?" అంది పెట్టెలకి జిగురుపూసే అక్క.

"ఇంటికమ్మా."

మరి రాలేదు.

సాయంత్రం ఆ కట్టలన్నీ మెరిసే పెట్టెల్లో దూరి, బండెక్కి, బజారుకి వెళ్లిపోయాయి. కుళాయి గట్టు మీద తాత గాజుగ్లాసు ఉండిపోయింది. అంచున పెదవి ఆనినచోట నీలం మరక. ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యలేదు.