ఆరబెట్టిన గూళ్లు

రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చిన తిరుపాలమ్మ, కువైట్‌లోని సల్వాలో ఒక విల్లాలో వంటమనిషి. ఆమె మొగుడు గంగాధర్ అక్కడే తోటమాలి. తొంభై ఆగస్టులో ఇరాక్ సైన్యం దిగిన మూడో రోజే వీళ్లను పనికి తెప్పించుకున్న యజమాని, అంటే కఫీల్, కుటుంబంతో సహా కార్లెక్కి సౌదీకి వెళ్లిపోయాడు. లెబనాన్ నుంచి తెప్పించి పెంచుకున్న పద్నాలుగు పైన్ చెట్లు మిగిలాయి. వాటిని చూసుకోవడానికి వీళ్లిద్దరూ మిగిలారు.

ఆ చెట్లు తమ పురుగును కూడా వెంటబెట్టుకుని వచ్చాయి. వేసవిలో రెక్కల పురుగులు ఆకుల మీద గుడ్లు పెడతాయి. చలికాలానికి కొమ్మల చివర తెల్లటి గూళ్లు కట్టుకుని, వందల గొంగళిపురుగులు లోపల కాపురం పెడతాయి. వేరుశనగ చేలల్లో ఎర్ర గొంగళితో వేగి పెరిగిన గంగాధర్‌కే ఇవి చుక్కలు చూపించాయి. కంటికి ఆనని వాటి నూగు ఒంటికి తగిలితే దద్దుర్లు, కంట్లో పడితే చూపుకే ముప్పు. సెప్టెంబరులో పిల్లపురుగులుగా ఉన్నప్పుడే మందు కొట్టాలని అతని పట్టు. యుద్ధమని పురుగు ఆగుతుందా అనేవాడు, పిచ్చి మారాజు.

ఆ పట్టుదలే అతని ప్రాణం తీసింది. పక్క పేట రుమైథియాలో కఫీల్ తమ్ముడి ఇంటికాడ కూడా నాలుగు పైన్ చెట్లున్నాయి. పక్కింటి డ్రైవరు ఖాజావలి అతణ్ణి కారులో అక్కడికి తీసుకెళ్లాడు. గంగాధర్ గేటు ముందు దిగి, వీపుకు మందు ట్యాంకు తగిలించుకుని, కళ్లకు అద్దాలు, మూతికి గుడ్డ కట్టుకుని, గొట్టం చేతబట్టాడు. మలుపులో కాపలా ఉన్న సైనికులు అదేదో విషవాయువు యంత్రం అనుకున్నారు. వాళ్ల అధికారి ఒక్క మాట అడగలేదు, కాల్చేశాడు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

పది రోజుల తర్వాత ఒక కెప్టెన్ వచ్చి సల్వా విల్లాలో దిగాడు. వంటకు మనిషి కావాలి కాబట్టి తిరుపాలమ్మను ఉండనిచ్చాడు. గోడ మీంచి వాణ్ణి చూసిన ఖాజావలి ముఖం పాలిపోయింది.

"వదినా, ఈడే. ఆ పొద్దు అన్నను కాల్చిన నా కొడుకు ఈడే. ఎల్లుండి మనోళ్లంతా బస్సుల్లో జోర్డాన్‌కు పోతాండారు. బట్టలు మూట కట్టుకో, యల్లా, పోదాం పా."

"నువ్వు పోప్పా. నాకు ఈడ పనుండాది."

"ఏం పని వదినా, ఈ చావుల మధ్య?"

"చలికాలం దంకా ఆగాల్సిన పని."

ఖాజావలి కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. సామాన్ల గదిలో గంగాధర్ దాచిన మందు డబ్బాలు మూడున్నాయి. తిరుపాలమ్మ ఒక్కదాని మూత కూడా తియ్యలేదు. నవంబరులో గూళ్లు కనబడ్డాయి. డిసెంబరుకు ఒక్కో చెట్టుకు ఏడెనిమిది వేలాడాయి. మొగుడు బిడ్డల్లా సాకిన చెట్లు ఆకు రాలి గోధుమ రంగుకు తిరుగుతుంటే ఆమె రాలిన ఆకులను రోజూ పోగుచేసి చెట్ల మొదట్లో వేసేది. అయినా మందు కొట్టలేదు. తినండి, బలవండి అనుకునేది.

గూడు కోసే ముందు నీళ్లు చల్లి తడపాలని, లేకుంటే నూగు ఎగురుతుందని గంగాధర్ నేర్పాడు. ఆమె పొడిగా కోసింది. వంటింటి గ్లౌజులు తొడుక్కుని, కళ్లకు మొగుడి పాత అద్దాలు పెట్టి, ముక్కుకూ మూతికీ తడిగుడ్డ బిగించి, మిద్దె మీద ఎండలో ఆరబెట్టింది. కెప్టెన్ బయటికి వెళ్లగానే ఆ గూళ్లను వాడి దిండు మీద, దుప్పటి మడతల్లో, ముఖం తుడుచుకునే తువాలు మీద దులిపేది. పట్టుబడితే గోడకు నిలబెట్టి కాలుస్తారని తెలుసు. అయినా ఒక్క రోజు కూడా మానలేదు.

జనవరికి వాడి మెడంతా దద్దుర్లు లేచాయి. సైనిక వైద్యుడు ఏదో ఎలర్జీ అని పూతమందు రాసిచ్చి, పక్కబట్టలు రోజూ మార్చమన్నాడు. ఆమె రోజూ మార్చింది. వాడు ద్వారబంధానికి వీపు రుద్దుకుంటుంటే చూసిన పూట, చాలా నెలల తర్వాత ఆమెకు అన్నం సహించింది.

ఫిబ్రవరి చివర ఒక ఉదయం, తగలబెట్టిన చమురు బావుల పొగతో ఆకాశం నల్లబడి ఉండగా, ఇరాకీలు పారిపోవడం మొదలుపెట్టారు. కెప్టెన్ కళ్లు రెండూ వాచి మూసుకుపోయాయి. వాడి మనుషులు వాణ్ణి వదిలేసి, కారు తీసుకుని పోయారు. హాల్లో గోడ తడుముకుంటూ వాడు నీళ్లు, నీళ్లని అరిచాడు. కుళాయిలు ఎండి మూడు రోజులైంది. ఇంట్లో ఉన్నది ఒకే బకెట్.

తిరుపాలమ్మ దాన్ని తెచ్చి వాడి ముందు పెట్టింది, చెయ్యి అందనంత దూరంలో. వంటింట్లో పనిచేస్తూ నేర్చుకున్న అరబ్బీలో అడిగింది. "రుమైథియాలో తోటమాలిని కాల్చావు. గుర్తుందా? పేరు గంగాధర్. నా మొగుడు."

చెయ్యి చాచి నీళ్లకోసం వెతుకుతున్నవాడు ఆగాడు. నిజంగానే ఆలోచించాడు.

"తోటమాలా?" అన్నాడు. "ఏ తోటమాలి?"

అబద్ధం కాదు. వాడికి నిజంగానే గుర్తులేదు. ఇన్ని నెలలూ ఆ పేరును పళ్ల కింద నొక్కిపట్టుకుని బతికిన ఆమెకు ఒళ్లు భగ్గుమంది. బాధపెట్టగలిగింది గానీ, ఎందుకో వాడికి తెలిసేలా చెయ్యలేకపోయింది. అది ఇక ఎన్నటికీ జరగదు.

"అమ్మా, కళ్లు కడుక్కోనీ," అని వాడు ఏడ్చాడు.

ఆమె బకెట్ ఎత్తుకుని తోటలోకి నడిచింది. తలుపు బార్లా తెరిచే ఉంచింది. ఆకులన్నీ పోయి అస్థిపంజరంలా నిలబడ్డ మొదటి పైన్ చెట్టు మొదట్లో ఆ నీళ్లన్నీ పోసింది. చప్పుడు లోపలికి బాగా వినబడాలని, బకెట్‌ను తలకంటే పైకెత్తి మరీ పోసింది.