లెక్కపెట్టిన ఊపిరి

నేను ఒక తుంగచాపను. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, అంచున రెండు ఎర్ర చారలు. ఇంతకు మించి నన్ను గురించి చెప్పుకోవడానికేమీ లేదు. మనుషుల ముఖాలు నాకు తెలియవు. వీపులు తెలుసు. ముఖం అబద్ధమాడగలదనీ, వీపు ఆడలేదనీ చాలాకాలం నమ్మాను.

పుట్టింది నాగావళి ఒడ్డున ఒక మడుగులో. మోకాటిలోతు నీళ్లలో, గాలి ఎటు వీస్తే అటు ఊగుతూ పెరిగాను. గున్నమ్మ అనే చాపలల్లే మనిషి ఒకనాడు కొడవలితో వచ్చి మొదలంటా కోసింది. ఎండబెట్టింది, నిలువునా చీల్చింది, మళ్లీ ఎండబెట్టింది. ఇక నాలో తడి లేదని నమ్మకం కుదిరాక నీళ్లు చిలకరించి మెత్తబరిచింది. మనుషులు ఒకరినొకరు బాగుచేసుకునే పద్ధతి కూడా ఇదేనని తరవాత తెలిసింది. జనపనార తాళ్ల మధ్య పుల్ల వెనక పుల్ల దూర్చి, చెక్కతో బిగ్గొట్టి, ఇరుగమ్మతో మాట్లాడుతూనే నన్ను అల్లింది. కోడలి మాట వచ్చినచోట నా నేత బిగువు. మనవరాలి మాట వచ్చినచోట కాస్త వదులు.

సంతలో నన్ను కొన్నది జోగారావు మాష్టారు. ఒకప్పుడు బడిలో డ్రిల్లు నేర్పి, ఉద్యోగ విరమణ అయ్యాక ఆ ఊరి బస్సు డిపోలో డ్రైవర్లకు యోగం నేర్పుతున్న మనిషి. రక్తపోటు, నిద్రలేమి, కారణం తెలియని కోపం. ఈ మూడూ ఆ డిపోలో బస్సులకన్నా ఎక్కువగా తిరుగుతుండేవి. అందుకని పొద్దున్నే ఆరింటికి, రేకుల షెడ్డులో, పదిహేనుమంది ఖాకీ మనుషులు వరసగా వెల్లకిలా పడుకునేవారు.

"శవాసనం మాకు నేర్పక్కర్నేదండి మాష్టారూ. డూటీ దిగీసరికి అందులోనే ఉంతాం," అన్నాడొక డ్రైవరు.

"ఈడు నిద్దట్లో కూడా క్లచ్చి తొక్కుతాడండి. ఆళ్లావిడి మంచం మార్సీసింది," అన్నాడు పక్కవాడు.

నవ్వులు చల్లారాక, అందరికన్నా వెనకగా వచ్చి, ఉత్త సిమెంటు నేల మీద కూర్చున్నాడు తవిటినాయుడు. మాష్టారు తన కిందనున్న నన్ను తీసి అతని ముందు పరిచాడు.

"నేల చల్లగా ఉంది నాయుడూ. ఇది నీదే అనుకో."

ఆ రోజు నుంచి నేను నాయుడి చాపనయ్యాను.

అతని వీపు నా మీద ఆనేది కాదు. మడమలు తాకేవి, భుజాలు తాకేవి, నడుము మాత్రం వంతెనలా లేచి ఉండేది. ఆ వంతెన కింద ఏముందో మిగతావాళ్ల గుసగుసల వల్ల తెలిసింది. మూడు నెలల కిందట, ఘాట్ రోడ్డు మీద, కట్టెల మోపుతో మలుపు దిగుతున్న ముసలామె ఒకతె అతని బస్సు కిందపడి చనిపోయింది. విచారణ జరిగింది, అతని తప్పు లేదన్నారు. కాగితం అతన్ని వదిలేసింది. మలుపు వదల్లేదు. చెయ్యి చాపితే వేళ్లు వణికేవి, టీ గ్లాసు పళ్లేనికి తగిలి మోగేది. డాక్టరు పరీక్షించి సరేనంటేగాని మళ్లీ స్టీరింగు ఇవ్వరు. కాదంటే డిపో యార్డులో బస్సులు కడిగే పని. ఇరవై రెండేళ్లు ఘాట్ ఎక్కించి దించినవాడికి యార్డు పనంటే మనిషిని తీసేసి చొక్కా వేలాడదీయడమే.

మాష్టారు బోధించేది వేరు. "దుఃఖాన్ని తరమకు, కూర్చోబెట్టి మర్యాదలూ చెయ్యకు. వస్తున్నప్పుడు చూడు, పోతున్నప్పుడు చూడు. చూస్తున్న నువ్వు వేరు, నువ్వు చూస్తున్నది వేరు. ఆ ఎడం తెలిస్తే ఊపిరి తనంతట తానే కుదురుతుంది. ఎడం తెలియకుండా ఊపిరిని మాత్రం బిగించావనుకో, ఇంట్లో మంట ఉండగా తలుపు మూసినట్టు."

నాయుడు విన్నాడు. కళ్లు మూసుకున్నాడు. మలుపు రాగానే ఉలిక్కిపడి, చూడమన్నచోట లెక్కపెట్టాడు. లోపలికి నాలుగు, బయటికి ఎనిమిది. లోపలికి నాలుగు, బయటికి ఎనిమిది. మణికట్టు మీద వేలుంచి చూసుకున్నాడు, నాడి నెమ్మదించింది. మునిగేవాడికి దుంగ దొరికినట్టయింది. దుంగను పట్టుకున్నవాడు ఒడ్డు ఎటో చూడడం మానేశాడు.

నన్ను ఇంటికి తీసుకుపోయాడు. వంటింటి గుమ్మం పక్కన పొద్దుటా సాయంత్రమూ అదే లెక్క. నెల తిరక్కుండా వేళ్ల వణుకు ఆగింది, గ్లాసు మోత ఆగింది. నడుము వంతెన దిగి నా మీద ఆనింది. నేను సంతోషించాను. అతని భార్య ఈశ్వరమ్మ సంతోషించలేదు.

"ఊపిరి బాగానే పీలుస్తన్నావు గాని మావా, మాట్లాడ్డం నేదు. ఆ ముసల్దాని సంగతి డాక్టరు బాబుకి ఇప్పి సెప్పు. కలొస్తన్నాదని సెప్పు."

"సెప్తే ఏటవుద్ది? బస్సులు కడగమంతారు."

"కడిగితే ఏటి? బస్సు కడిగినోడి ఇంట్లో కూడు ఉడకదా?"

"నువ్వూరుకో ఈశ్వరీ. లెక్క తప్పిపోతన్నాది."

పరీక్ష నాడు నన్ను ఆసుపత్రి వరండాలో పరిచి, పిలుపు వచ్చేదాకా నా మీద పడుకున్నాడు. తలుపు తెరిచే ఉంది. చేతికి రక్తపోటు పట్టీ చుట్టిన చప్పుడు, గాలి కొట్టిన చప్పుడు విన్నాను.

"నూట ఇరవై, ఎనభై. నా బీపీ కన్నా నీదే బాగుందయ్యా," అన్నాడు డాక్టరు. "నిద్ర పడుతోందా?"

"పడతన్నాది బావూ."

అబద్ధం చెబుతున్నప్పుడు కూడా నాడి గెంతలేదు.

మాష్టారు మర్నాడు అతన్ని షెడ్డులో అందరి ముందూ నిలబెట్టాడు. "చూశారా నాయుడిని. అభ్యాసం అంటే ఇది." మాష్టారి కళ్లల్లో నీళ్లున్నాయని పక్కవాళ్లు చెప్పుకున్నారు. ముప్పై ఏళ్లు డ్రిల్లు నేర్పిన మనిషి. కాళ్లు కలిసి పడితే మనసులూ కలిసి పడ్డాయని లోలోపల ఇంకా నమ్ముతాడు కాబోలు. తాను ఏ పొరపాటు వద్దని చెప్పాడో దానికే చప్పట్లు కొట్టాడు. నాకు నోరు లేదు. ఉంటే ఏం చెప్పేదాన్ని? నేనూ ఆ వీపును నమ్మినదాన్నే కదా అని నన్ను నేనే తిట్టుకుంటాను.

మళ్లీ స్టీరింగు ఎక్కిన మొదటి రోజు నన్ను చుట్టగా చుట్టి సీటు వెనక పెట్టుకున్నాడు. పట్టపగలు. బస్సు నిండా సంతకు పోయే జనం, కోళ్లు, పసుపు బస్తాలు. మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. మూడో మలుపు ముందు బస్సు ఆగింది. ఎదురుగా ఎవరూ లేరు. కట్టెల మోపూ లేదు, కుక్కపిల్లా లేదు. ఎండలో ఖాళీగా రోడ్డు.

"ఏటి డ్రైవరు బాబూ, ఇంజను సచ్చిపోనాదా?"

"కాదొలే, జపం సేస్తన్నాడు. మొగం సూడు ఎంత నిమ్మళంగా ఉందో."

"జపమైతే ఇంటికాడ సేసుకోవాలి. నా కోళ్లు ఎండకి సచ్చిపోతాయి."

కండక్టరు కళావతి ముందుకు వచ్చి అతని భుజం పట్టుకుంది. "నాయుడన్నా. ఏటైందన్నా?"

నాయుడి చేతులు వణకలేదు. చక్రం మీద రెండూ రెండు రాళ్లలా ఉన్నాయి. కాలు బ్రేకు మీద ఉంది. సీటు వెనకనున్న నాకు ఊపిరి వినిపిస్తూనే ఉంది: లోపలికి నాలుగు, బయటికి ఎనిమిది. కళావతి దిగి చక్రాల కింద రాళ్లు పెట్టింది. అరగంటకు వెనక వచ్చిన బస్సు డ్రైవరు, అతని వేళ్లు ఒక్కొక్కటే విప్పి, సీట్లోంచి దించాడు. రోడ్డు పక్క నన్ను పరిచి కూర్చోబెట్టారు. కళావతి నాడి చూసింది.

"బాగానే ఉన్నాది మరి," అంది, భయంగా.

అవును, బాగానే ఉంది. ఏడవడానికి ఊపిరి చెదరాలి. చెదిరే దారులన్నీ అతను కట్టేసుకున్నాడు.

ఈసారి అతనే డిపోకు అర్జీ పెట్టాడు, నడపలేను, యార్డు పని ఇప్పించండని. ఎందుకు నడపలేవో డాక్టరు రాయాలన్నారు. అదే గది, అదే పట్టీ. నన్ను చుట్టి మూలన నిలబెట్టాడు.

"చేతులు వణుకుతాయా? చాపు చూద్దాం."

చాపాడు. వణకలేదు.

"గుండె దడా?"

"లోన ఉంతాది బావూ. పైకి రాదు."

"నూట పద్దెనిమిది, డెబ్బై ఎనిమిది. ఇంత శాంతంగా ఉన్న మనిషికి జబ్బని ఎలా రాయమంటావు నాయుడూ? మొన్న నిద్ర పడుతోందన్నావు కూడా."

నాయుడు ఊపిరి చెడగొట్టుకోవాలని చూశాడు. గబగబా పీల్చబోయాడు, పట్టీ బిగిసిందో లేదో, ఛాతీ తన లెక్కలో తాను పడిపోయింది. ఇన్నాళ్లూ అతను ఊపిరిని ఏలాడు. ఇప్పుడది వినడం లేదు. కొత్త కాగితం కూడా ఆరోగ్యవంతుడనే చెప్పింది. ఆరోగ్యవంతుడికి యార్డు పని ఇవ్వడం కుదరదన్నారు. నడపాలి, లేదా మానుకోవాలి.

మానుకున్నాడు. ఖాకీ బట్టలు మడిచి ఇచ్చేసిన రోజు, షెడ్డులో మాష్టారి ముందు నన్ను పరిచి కూర్చున్నాడు.

"ఒక్క మాట అడుగుతాను మాష్టారూ. నేర్సుకున్నది మర్సిపోడానికి ఏదైనా ఆసనం ఉందేటండి?"

"ఆ ముసలామె పేరేమిటి నాయుడూ?" అన్నాడు మాష్టారు.

"తెలీదండి. అడగనేదు." నాలుగు. ఎనిమిది. "అడిగితే ఏటవుద్దో అని అడగనేదు."

లేచి వెళ్లిపోయాడు. నన్ను చుట్టలేదు. మాష్టారు మరునాడు రాలేదు, ఆ మరునాడూ రాలేదు. తరవాత ఆ షెడ్డులో టైర్లు పేర్చారు.

నన్ను మెకానిక్ అసిరయ్య తీసుకున్నాడు. ఇప్పుడు నా కాపురం బస్సుల కింద. వెల్లకిలా పడుకుని, నా మీద జరుగుతూ, నట్లు విప్పుతాడు. ఎర్ర చారలు మడ్డినూనెలో కలిసిపోయాయి. ఒక మూల పుల్లలు ఊడిపోతున్నాయి. అసిరయ్య ఆయాసపడతాడు, ఊడిరాని నట్టును దాని వంశంతో సహా తిడతాడు, స్పానరు వేలి మీద పడితే కుయ్యోమంటాడు, ఆ మీద పగలబడి నవ్వుతాడు. అతని వీపు నా మీద ఒక్కచోట నిలవదు. అంతవరకు నాకు నిశ్చింత.

ఎప్పుడైనా మధ్యాహ్నం ఎవరో ఒక డ్రైవరు, కాస్త నడుము వాల్చుదామని నన్ను బయటికి లాగి పడుకుంటాడు. కళ్లు మూసుకుంటాడు. ఊపిరి మెల్లగా, సమంగా, తూచినట్టు సాగుతుంది. దారిన పోయేవాళ్లు, హాయిగా ఉన్నాడనుకుని అడుగులు మెత్తగా వేస్తారు.

నాకు మాత్రం అతన్ని తట్టి లేపాలనిపిస్తుంది. చాపకు చేతులుండవు.